ఆరుబయట నిలిపిన ఆవిరి ఇంజన్: రంగు చివర, నీళ్లు ముందు

స్టేషన్ ముందో, మ్యూజియం ఆవరణలోనో ఎండకూ వానకూ నిలబడ్డ పాత బొగ్గింజన్‌కు ఏటా ఆగస్టు 15కు ముందు నల్లరంగు పూస్తారు. పాత పూత మీదే, తుప్పు మీదే. మళ్లీ వానలు వచ్చేసరికి పెచ్చులు లేస్తాయి. తుప్పు లోపలి నుంచి వస్తుంటే పైన ఎన్ని పూతలు వేసినా అంతే. ముందు లోపల ఉన్నవి ఖాళీ చేయాలి, ఆరబెట్టాలి, నీరు దిగే దారులు తెరవాలి. రంగు డబ్బా మూత తీయడం ఆ తర్వాతే. ఇక్కడ ఉదాహరణకు తీసుకున్నది డబ్ల్యూపీ. 1947లో మొదలైన బ్రాడ్‌గేజ్ ప్యాసింజర్ ఇంజన్, బుల్లెట్‌లాంటి మూతి మీద నక్షత్రం ఉండేది.

పనిముట్టు పట్టకముందే ఒక జాగ్రత్త. బాయిలర్ మీది పల్చటి రేకు కింద వేడి పోకుండా కప్పిన పొర చాలా పాత ఇంజన్లలో ఆస్బెస్టాస్. దాని సన్నటి పోగులు గాలిలో కలిసి ఊపిరిలోకి వెళితే ఊపిరితిత్తుల క్యాన్సర్ దాకా తెస్తుంది. నమూనా పరీక్ష అయ్యేదాకా ఆ రేకు విప్పకండి, రంధ్రం వేయకండి. ఆస్బెస్టాస్ అని తేలితే ప్రమాదకర వ్యర్థాలు తీసే అనుమతి ఉన్న ఏజెన్సీకే అప్పగించాలి. తీశాక అక్కడ మళ్లీ ఏదీ నింపనక్కర్లేదు. నిప్పు వేయని ఇంజన్‌కు ఆ పొరతో పని లేదు. ఉంటే నీళ్లు పీల్చి బాయిలర్‌ను నానబెడుతుంది.

ఇక బూడిద. స్మోక్‌బాక్స్ (ఇంజన్ మూతిలో, పొగగొట్టం కింద పొగ చేరే గది) తలుపు తెరిచి అడుగున చెయ్యి పెడితే బూడిద తడిగా, ముద్దగా తగులుతుంది. బొగ్గులోని గంధకం అందులో ఇంకా ఉంటుంది, తేమ తగిలితే ఆమ్లమవుతుంది. స్మోక్‌బాక్స్ అడుగు, బాయిలర్ గొట్టాలు, ఫైర్‌బాక్స్ (బొగ్గు మండే గది), దాని కింద బూడిద పడే యాష్‌పాన్, టెండర్ (వెనక బొగ్గు, నీళ్లు మోసే పెట్టె) మూలల్లోని బొగ్గు పొడి అన్నీ పూర్తిగా ఎత్తేయాలి. మంచినీళ్లతో కడిగి, బ్లోయర్‌తో ఆరబెట్టాలి. ఆరాక చిన్న సుత్తితో, కడిగిన ఈ చోట్లలోని రేకంతా తట్టుకుంటూ పోండి. ఖంగుమంటే లోహం ఉంది. డప్పుమని, సుత్తి కింద పొర కదిలినట్టు అనిపిస్తే అక్కడ సుద్దతో గుర్తు పెట్టి అల్ట్రాసోనిక్ గేజ్‌తో మందం కొలిచి రాసుకోండి. మరుసటి ఏడు అదే చోట కొలిస్తేనే తుప్పు ఆగిందో లేదో తెలుస్తుంది.

బాయిలర్, టెండర్ ట్యాంకు, సిలిండర్లు మూడింటిలోనూ పాత నీరు ఉంటుందనే అనుకోండి. ఫైర్‌బాక్స్ చుట్టూ అడుగున ఉండే వాషౌట్ ప్లగ్గులు (బాయిలర్ కడగడానికి పెట్టిన మూతలు) విప్పాలి, సిలిండర్ల కింద నీరు వదిలే డ్రెయిన్ కాక్‌లు తెరిచే ఉంచాలి. ప్లగ్గుల చోట ఎలుకలు, కందిరీగలు దూరకుండా సన్నటి జాలీ కట్టండి. సిలికా జెల్ పెట్టి బాయిలర్‌ను బిగించేయడం మరో పద్ధతి. అయితే తేమ పీల్చిన జెల్‌ను వేళకు మార్చే మనిషి లేకపోతే అది దండగ. ఆరుబయట గాలి ఆడనివ్వడమే మేలు. పొగగొట్టానికి రేకు మూత వేయాలి, కానీ బిగించేయకూడదు. గొడుగులా అంచు బయటికి ఉండి, కింద రెండు మూడు అంగుళాల సందు ఉండాలి.

అడుగున కాంక్రీటు పోసి చక్రాలు అందులో పాతేసిన ఇంజన్లు చాలా కనిపిస్తాయి. చక్రం చుట్టూ నీరు నిలిచి అంచును అక్కడే తుప్పు తినేస్తుంది. కంకర, స్లీపర్లు, పట్టాలు వేసి మామూలు లైనులాగే నిలపండి. డబ్ల్యూపీకి ఒక్కో డ్రైవింగ్ ఇరుసు (ఇంజన్‌ను నడిపే పెద్ద చక్రాల ఇరుసు) మీద దాదాపు 18 టన్నుల బరువు పడుతుంది, కాబట్టి కింద నేల గట్టిపరచడంలో పొదుపు వద్దు. కాస్త లైను ఉంటే మూడు నెలలకోసారి చక్రం పావు వంతు తిరిగేలా లాగండి. బేరింగుల్లో నూనె మళ్లీ పరుచుకుంటుంది. తర్వాత చక్రాలకు రెండు వైపులా చెక్క గూటాలు పెట్టి గొలుసు వేయడం మరవద్దు. నూనె గిన్నెల్లో వాన నీరు నూనె కిందికి దిగి ఉంటుంది; ఏటా పూర్తిగా తీసి కొత్త నూనె పోయాలి.

రంగు తీసేముందు పాత రంగు చదవండి. చెయ్యంత చోట 240, 400, 600 నంబరు నీటి కాగితాలతో (తడిపి రుద్దే గరుకు కాగితాలు) వరుసగా రుద్దితే చెట్టు వలయాల్లా పాత పొరలన్నీ బయటపడతాయి, కొన్నిసార్లు పాత రైల్వే కంపెనీ అక్షరాలు కూడా. ఫొటో తీసి కొలతలు రాసుకోండి. పాత పూతల్లో సీసం ఉంటుంది, అందుకే తడిగానే రుద్దాలి, మాస్కు తప్పనిసరి. విశాఖ, కాకినాడ లాంటి తీరంలో ముందు మంచినీళ్లతో ఉప్పు కడగకపోతే కొత్త పూత కింద పొక్కులు వస్తాయి. మందమైన చట్రానికి, చక్రాలకు బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో గరుకు రవ్వలు చిమ్మి తుప్పు, రంగు లేపడం) చేయవచ్చు. బాయిలర్ పైరేకుకు మాత్రం వద్దు, సొట్టలు పడి వంకర తిరుగుతుంది. దానికి రంగు కరిగించే ద్రావకం, చేతి పనే దారి. బ్లాస్టింగ్ అయిన నాలుగు గంటల్లో మొదటి పూత పడాలి. గాలిలో తేమ 85 శాతం దాటితే ఆ రోజు రంగు పని ఆపేయండి. పూతల మందం: జింక్ ఎపాక్సీ ప్రైమర్ 60-75 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), మధ్యలో ఎపాక్సీ 100-125, పైన పాలియురెథేన్ 50. చివరి పూత కూడా ఎపాక్సీయే వేస్తే ఎండకు సుద్దలా పొడి రాలుతుంది.

చక్రాలను కలిపే మెరిసే కడ్డీలకు వెండి రంగు పూయడం ఒక దురలవాటు. కిరోసిన్‌తో తుడిచి, తుప్పు నిరోధించే మైనం పట్టించండి. గ్రీజు అయితే ఇసుక అంటుకుని గరుకు ముద్ద అవుతుంది.

విజిల్, ప్రెషర్ గేజ్, ఇత్తడి నంబర్ ప్లేట్లు తీసి లోపల భద్రపరిచి, బయట నకళ్లు బిగించండి. క్యాబ్‌లోకి పిల్లల్ని ఎక్కనిచ్చేటట్టయితే ఫైర్‌బాక్స్ తలుపు, రివర్సర్ (ఇంజన్ దిశ మార్చే పరికరం) కదలకుండా బోల్టు వేయాలి. వివరాల బోర్డు మీద తయారీ ఏడుతో ఆపకండి: డబ్ల్యూ అంటే 1676 మిల్లీమీటర్ల బ్రాడ్‌గేజ్, పీ అంటే ప్యాసింజర్, అదే వై అయితే మీటర్‌గేజ్, జీ అయితే గూడ్స్ అని చెబితే చూసేవాళ్లు పక్కనున్న ఇంజన్ పేరు తామే విడదీసుకుంటారు.

డబ్బు ఒక్క పనికే సరిపోతుందంటే రంగు మాని పైకప్పు వేయించండి. పక్కలు తెరిచి, చూరు రెండు వైపులా మీటరు దాటి ఉండాలి. కప్పు లేనిచోట, తొలి పెద్ద వాన పడేటప్పుడు టార్చి పట్టుకుని క్యాబ్‌లో, టెండర్ కింద, స్మోక్‌బాక్స్‌లో చూడండి. చుక్క ఎక్కడ పడుతోందో, ఎక్కడ నిలుస్తోందో సుద్దతో గీయండి. వాన వెలిశాక చూస్తే ఆ దారి దొరకదు.