ఇంగ్లీషు సొంతంగా సాగట్లేదా? లోపం ఎక్కడుందో చూడండి

సొంతంగా నేర్చుకోవడమంటే సారు లేకుండా చదవడం అనుకుంటారు చాలామంది. భాషలు నేర్చుకోవడంపై పరిశోధన చేసిన హెన్రీ హోలెక్ 1981లో చెప్పిన అర్థం వేరు: ఏం నేర్చుకోవాలి, ఎలా నేర్చుకోవాలి, ఎంత వచ్చిందో ఎలా తేల్చుకోవాలి అనే నిర్ణయాలు నేర్చుకునేవాడివే. క్లాసులో సారు ఉన్నా అవి మీవే.

సమస్య: మొదటి వారం ఊపు, మూడో వారానికి బంద్.

కారణం: "ఇంగ్లీషు బాగా మాట్లాడాలి" అన్నది కోరిక మాత్రమే. అయిందో లేదో తేల్చే దారి అందులో లేదు.

పరిష్కారం: రెండు వారాలకు ఒక్క పని పెట్టుకోండి. ఉదాహరణకు, ల్యాబులో చేసిన ప్రయోగాన్ని కాగితం చూడకుండా 2 నిమిషాలు చెప్పడం. చోటుకు తగ్గ పని ఎంచుకోండి. విజయవాడ బెంజ్ సర్కిల్‌లో బస్సెక్కి వారధి దాటి నాగార్జున యూనివర్సిటీకి వెళ్ళేవాళ్ళకు దారిలో వినడం కుదురుతుంది, రాయడం కుదరదు.

సమస్య: బట్టీపట్టిన మాటలు నోటికి రావు.

కారణం: మాట పక్కన తెలుగు అర్థం మాత్రమే రాసుకోవడం. "జ్వరం వచ్చింది" అనబోయి "ఫీవర్ కేమ్" అంటారు. ఇంగ్లీషులో జ్వరం రాదు, ఉంటుంది: "ఐ హ్యాడ్ ఎ ఫీవర్".

పరిష్కారం: రోజుకు 5 మాటలు చాలు. ఒక్కోదాన్ని దాని జోడీ మాటతో ("ఫీవర్"కు "హ్యాడ్" లాగా), సొంత వాక్యంలో రాయండి. 1, 3, 7, 14వ రోజుల్లో ఇంగ్లీషు వైపు మూసేసి, తెలుగు చూసి పైకి చెప్పండి.

సమస్య: రోజూ మాట్లాడుతున్నా అవే తప్పులు.

కారణం: అసలు చిక్కు ఇక్కడే. మాట్లాడేటప్పుడు ధ్యాసంతా విషయం మీదే ఉంటుంది, తప్పు చెవిన పడదు.

పరిష్కారం: ఫోన్‌లో 2 నిమిషాలు రికార్డు చేయండి. మర్నాడు విని, పలికింది పలికినట్టే రాయండి. దిద్దాలనే దురద ఆపుకోండి. రాశాక ఒకే రకం తప్పు వెతకండి. "ఐ యామ్ స్టడీయింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్" అని దొరికిందనుకుందాం. "రెండేళ్ళ నుంచి చదువుతున్నాను"లోని "నుంచి" అచ్చంగా "సిన్స్" అయి కూర్చుంది. సరైనది "ఐ హావ్ బీన్ స్టడీయింగ్ హియర్ ఫర్ టూ ఇయర్స్". గడిచిన కాలానికి "ఫర్", మొదలైన సమయానికి "సిన్స్". అలాగే మన "కదా" ప్రతిచోటా "ఈజింట్ ఇట్" అయిపోతుంది. "యూ ఆర్ కమింగ్" తర్వాత రావాల్సింది "ఆరెంట్ యూ". దిద్దుకున్నాక అదే విషయం మళ్ళీ రికార్డు చేసి, రెండూ పక్కపక్కన వినండి. వ్యాకరణం దిద్దే యాప్‌ను ముందే తెరిస్తే తప్పు పట్టే పని అదే చేసేస్తుంది, మీ చెవికి పని తగలదు. దాన్ని చివర్లో తెరవండి.

సమస్య: ఫ్రెండ్స్‌తో సాధన పది నిమిషాల్లో తెలుగులోకి జారిపోతుంది.

పరిష్కారం: ముగ్గురు చాలు. ఒకరు మాట్లాడాలి, ఒకరు ముందే అనుకున్న ఒక్క తప్పు లెక్కపెట్టాలి, ఒకరు టైము చూడాలి. మాట తట్టకపోతే తెలుగులోనే అనేసి ముందుకెళ్ళండి. జరిమానాలు పెడితే నోళ్ళే మూతపడతాయి.

సమస్య: "ఏం చదవమంటారు సార్?" అని అడిగితే పుస్తకం పేరొకటి చెప్పి పంపేస్తారు.

కారణం: ప్రశ్నలో మీ పని కనబడలేదు.

పరిష్కారం: మీరు రాసిన పేరా తీసుకెళ్ళండి. అనుమానమున్న రెండు వాక్యాల కింద గీత గీసి, "సార్, ఇక్కడ సిన్స్ పెట్టాను, ఫర్ రావాలా?" అని అడగండి.