లాగరిథమ్స్ నాలుగో పాఠం: అప్పు డబుల్ ఎన్ని నెలలకు?

ఈసారి యాంటీలాగ్ (లాగ్‌కెల్లి మళ్ల అసలు నంబర్ తెచ్చుడు) చెప్తా అన్న గానీ, పోయినసారి ఇచ్చిన మిత్తి లెక్కకు మీరు పంపిన జవాబులు చూసినంక ముందుకు పోబుద్ధి కాలే. లెక్క మళ్ల చెప్తున్న. పత్తి విత్తనాలకని నూటికి రెండు రూపాయల మిత్తికి పైసలు తెచ్చిన్రు, మధ్యల రూపాయి కట్టలే, నెలనెలా మిత్తి అసల్ల కలుస్తది. అప్పు డబుల్ ఎన్ని నెలలకైతది?

1.02 పవర్ ఎన్ = 2 (ఎన్ అంటే నెలలు) దాకా అందరు మంచిగనే వచ్చిన్రు. రెండు దిక్కుల లాగ్ (10ని ఏ పవర్‌కి లేపితే ఆ నంబర్ వస్తదో అది) తీసి ఎన్ = లాగ్ 2 / లాగ్ 1.02 అని కూడా రాసిన్రు. ఆడికెల్లే తప్పిపోయింది. భాగారం కనబడంగనే తీసివేత సూత్రం (లాగ్ (ఎ/బి) = లాగ్ ఎ – లాగ్ బి) యాదికొచ్చి లాగ్ 2 అయిన 0.3010లకెల్లి లాగ్ 1.02 అయిన 0.0086 తీసేసి 0.2924 నెలలు అన్నరు, అంటే తొమ్మిది రోజులు! నెలంతా ఆగితే నూటికి రెండు రూపాయలు పెరిగే అప్పు తొమ్మిది రోజుల్ల డబుల్ ఎట్లయితది? జవాబు రాసే ముందు ఈ ఒక్క మాట అడుక్కోవాలె గదా.

లాగ్ (1000/10) వేరు, లాగ్ 1000 / లాగ్ 10 వేరు. మొదటిదాంట్ల భాగారం లాగ్ లోపట ఉన్నది, లోపట భాగిస్తే 100, దాని లాగ్ 2. తీసివేత సూత్రం దీనికే, 3 – 1 = 2. రెండోదాంట్ల లాగ్‌లు తీసుడు అయిపోయింది, చేతిల 3, 1 అని రెండు మామూలు నంబర్లు ఉన్నయి, వాటిని భాగించుడే, 3 వస్తది. ఇంకొందరు పైన లాగ్, కింద లాగ్ కొట్టేసి 100 అన్నరు. ఇది చూస్తే నాకు నిజంగ బాధైతది. లాగ్ 1000 అంటే లాగ్ ఇంటు 1000 కాదు, 10ని ఏ పవర్‌కి లేపితే 1000 వస్తది అని అడుగుడు. అడుగుడును ఎట్ల కొట్టేస్తరు?

8, 2 తోటి చూడుర్రి. లాగ్ 8 – లాగ్ 2 = 0.9031 – 0.3010 = 0.6021, ఇది 4 లాగ్. లాగ్ 8 / లాగ్ 2 చేస్తే 3, ఎందుకంటే మూడు రెండ్లను గుణిస్తే 8. మన మిత్తి లెక్క అడిగేది కూడా గిదే, ఎన్ని 1.02లు గుణిస్తే 2 అయితది అని. 1614ల స్కాట్లండ్ గణితవేత్త నేపియర్ లాగ్‌ల పట్టిక తెచ్చింది పెద్ద గుణకారాలను కూడికెలు చేసుకుందామని, అందుకే తీసివేత సూత్రం అంత గట్టిగ మనసుల పడ్డది, కానీ అన్నిటికీ అది పనికిరాదు.

0.3010 / 0.0086 = 35 నెలలు. మా తమ్ముడు నమ్మక నోట్‌బుక్కుల నెలనెలా వేసి చూసిండు. లక్ష అప్పు 35 నెలలకు 1,99,989 అయింది, రెండు లక్షలకు 11 రూపాయలే తక్కువ. మిత్తి మీద మిత్తి లేకుంటే 50 నెలలు పట్టేది.

నేనైతే 2, 3, 7ల లాగ్‌లే యాద్ పెట్టుకుంట: 0.3010, 0.4771, 0.8451. లాగ్ 5 కావాలంటే 1లకెల్లి లాగ్ 2 తీసేస్త.

ప్రాక్టీస్: మూడు రూపాయల మిత్తికి తెచ్చిన అప్పు మూడింతలు ఎన్నో నెలల దాటుతది? లాగ్ 1.03 = 0.0128. ఇంకోటి, 7 పవర్ 200ల ఎన్ని అంకెలుంటయి? దీనికి సూత్రం చెప్పలే, 100కు లాగ్ 2 అయితే 100ల అంకెలు మూడెందుకున్నయో ఆలోచించుర్రి. క్యాలిక్యులేటర్ ముట్టొద్దు, స్టెప్పులు లేని జవాబు పంపొద్దు.