లినక్స్ ఎక్కించే ముందు ఏం దొరకదో చూసుకోండి

2025 అక్టోబర్ 14తో విండోస్ 10 గడువు తీరింది, మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. అప్పటినుంచి నాకొచ్చే ఫోన్లలో ఎక్కువ ఇవే: "అన్నా, మాది ఏడో జనరేషన్ సిస్టం. విండోస్ 11 ఎక్కదంటున్నారు. లినక్స్ వేసేద్దామా?"

వేయొచ్చు. లినక్స్ అంటే విండోస్ బదులు కంప్యూటర్ని నడిపే ఉచిత సిస్టం. అందులో ఒక రకమైన లినక్స్ మింట్ పాత మెషిన్ మీద హాయిగా నడుస్తుంది, పైసా కట్టక్కర్లేదు. బ్రౌజర్, మెయిల్, సినిమాలతో సరిపెట్టుకునేవాళ్లు ఇక్కడితో ఆపేసి పని మొదలుపెట్టుకోవచ్చు. ఈ జాగ్రత్తలన్నీ కంప్యూటర్ మీద పొట్టపోసుకునేవాళ్ల కోసం: డీటీపీ సెంటర్లు, అకౌంట్లు రాసే చిన్న ఆఫీసులు. వీళ్లకు సిస్టంతో పేచీ ఉండదు, దాని మీద నడిచే ప్రోగ్రాములతోనే ఉంటుంది.

మొదటి పని, వారం రోజులు మౌస్ పక్కన ఒక నోటు పుస్తకం పెట్టుకుని, తెరిచిన ప్రతి ప్రోగ్రామ్ పేరూ రాయండి. గుర్తున్నాయిలే అనుకోవద్దు. రోజూ వాడేవి ఎవరికైనా గుర్తుంటాయి, నెలకోసారి తెరిచేవే కొంప ముంచుతాయి. రిటర్న్ వేసే రోజు డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ గుచ్చాక, దీనికి డ్రైవర్ ఎక్కడ దొరుకుతుందని వెతుక్కోవడం ఎంత టెన్షనో పడ్డవాళ్లకే తెలుసు.

ఇప్పుడు ఆ పేర్లలో ఏవి లినక్స్‌లో లేవో చూడండి. ఫొటోషాప్, ఇన్‌డిజైన్, పేజ్‌మేకర్, కోరెల్‌డ్రా, ఆటోక్యాడ్, ట్యాలీప్రైమ్, ఇన్‌స్టాల్ చేసుకునే ఎంఎస్ ఆఫీస్... వీటిలో ఏదీ లినక్స్‌కి రాదు. (2000లో కోరెల్‌డ్రా 9 లినక్స్‌కి వచ్చింది. ఆ ముచ్చట ఎన్నాళ్లో సాగలేదు.) వాడేవాళ్లు తక్కువ కాబట్టి కంపెనీలు చేయవు, ప్రోగ్రాములు లేవు కాబట్టి వాడేవాళ్లు పెరగరు. వైన్ అనే ప్రోగ్రామ్ 1993 నుంచి ఈ గుంత పూడ్చే పనిలోనే ఉంది. దాంతో పాత విండోస్ ప్రోగ్రాములు చాలా నడుస్తాయి. అయితే డాంగిల్ (లైసెన్స్ కోసం యూఎస్‌బీలో గుచ్చే తాళం) అడిగేవి, లైసెన్స్ తనిఖీ చేసేవి, సొంత డ్రైవర్ కావాలనేవి దాని దగ్గర తరచూ మొరాయిస్తాయి. వైన్ ఉందిగా అని ఎవరైనా ధైర్యం చెబితే, మీ ప్రోగ్రామే నడిపి చూపించమనండి.

తెలుగు డీటీపీ వాళ్లు ఇక్కడ కాస్త నెమ్మదించాలి. అను లాంటి పాత ఫాంట్లలో మనం టైప్ చేసింది కంప్యూటర్ లెక్కలో తెలుగే కాదు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో గుడులు, ఒత్తులు, తలకట్లు ముక్కలుగా పేర్చి తెలుగులా కనిపించేట్టు చేశారు. ఫాంట్ లేకపోతే మీ ఇరవై ఏళ్ల శుభలేఖలూ కరపత్రాలూ పిచ్చిగీతలైపోతాయి. ఫాంట్ ఫైల్ కాపీ చేసుకుంటే పాత ఫైల్ కంటికి కనబడొచ్చు, కానీ ఆ ఫాంట్లలో టైప్ చేయించే కీబోర్డు ప్రోగ్రామ్ విండోస్‌తోనే ఆగిపోతుంది. పేజ్‌మేకర్ ఫైళ్లను లిబ్రేఆఫీస్ (ఎంఎస్ ఆఫీస్‌కి బదులు వాడే ఉచిత ప్రోగ్రామ్) 4.4 వెర్షన్ నుంచి తెరుస్తుంది, నిజమే. తెరవడం వేరు, మీరు పెట్టిన కొలతల్లో పేజీ నిలబడటం వేరు.

కాబట్టి విండోస్ బతికుండగానే రెండు పనులు చేయండి. మళ్లీ ప్రింటుకు వచ్చే ప్రతి ఫైల్నీ పీడీఎఫ్ చేసి పెట్టుకోండి. మార్పులు చేయాల్సి వచ్చే మ్యాటర్‌ని కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి, అంటే ఏ కంప్యూటరైనా తెలుగుగానే గుర్తించే పద్ధతిలోకి మార్చండి. మార్చాక కళ్లతో చదవాల్సిందే. రెండేసి ఒత్తులు పడ్డచోట తప్పులు దొర్లుతాయి, ఇంటిపేర్లలో దొర్లితే పెళ్లివారు ఊరుకోరు.

ఆ తర్వాత పేజీ కూర్చడానికి స్క్రైబస్ ఉంది. 1.4 వెర్షన్ వద్దు, అందులో తెలుగు ఒత్తులు సరిగ్గా కుదరవు. 2024లో వచ్చిన 1.6 గానీ ఆ పైది గానీ తీసుకోండి. ఆఫ్‌సెట్ ప్రెస్సుకి కావాల్సిన సీఎంవైకే (నాలుగు సిరాల రంగుల) పీడీఎఫ్ అదే ఇస్తుంది. ఫొటోషాప్‌కి బదులు అందరూ చెప్పే గింప్‌లో మాత్రం, 3.0 వచ్చాక కూడా, బొమ్మను నేరుగా సీఎంవైకేలో దిద్దలేం. క్రిటా అనే ఉచిత బొమ్మల ప్రోగ్రామ్‌లో వీలవుతుంది. ఫాంట్లకు మండలి, రామభద్ర, ఎన్టీఆర్, గిడుగు ఉచితంగా దొరుకుతాయి. అయినా శుభలేఖల మీద జనం కోరే ఆ నగిషీ అక్షరాలు యూనికోడ్‌లో అన్ని రకాలు లేవు. అలవాటు చేసుకోండి అని నేను చెప్పగలను గానీ మీ కస్టమర్ వినడు. పెళ్లి కార్డులే మీ ప్రధాన ఆదాయమైతే ఆ ఒక్క మెషిన్ జోలికి పోకండి.

వేళ్ల అలవాటు సంగతి. యాపిల్, ఆర్‌టీఎస్, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు లేఅవుట్లు ఐబస్‌లో (లినక్స్‌లో భాషలు టైప్ చేయించే ప్రోగ్రామ్) ఎం17ఎన్ అనే ప్యాకేజీలతో వస్తాయి. పేరు అదే అయినా ఒకటీ అరా ఒత్తు వేరే కీ మీద ఉండొచ్చు. ఓ పేజీ టైప్ చేసి చూశాకే నమ్మండి.

ట్యాలీ వాడేవాళ్లు ఆడిటర్‌ని అడక్కుండా కదలొద్దు. జీఎస్టీ తెలిసిన ట్యాలీకి సరిసాటి లినక్స్‌లో నాకు కనబడలేదు. లెక్కలు రాసుకునే ఉచిత ప్రోగ్రామ్ గ్నూక్యాష్ మంచిదే, మన రిటర్న్‌ల గొడవ దానికి తెలియదు. 8 జీబీ ర్యామ్, చెల్లే విండోస్ లైసెన్స్ ఉంటే వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌లా పనిచేసే ప్రోగ్రామ్) లోపల విండోస్ పెట్టి ట్యాలీ నడుపుకోవచ్చు. ఫొటోషాప్‌ని అలా నడిపితే మాత్రం పాత మెషిన్ ఈడ్చుకుంటూ పోతుంది.

ప్రింటర్ని లైవ్ పెన్‌డ్రైవ్‌తోనే, అంటే లినక్స్‌ని డిస్క్ మీద ఎక్కించకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిపి పరీక్షించండి. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 లాంటి వాటికి అదనపు ప్లగిన్ దించుకోవాలి, నెట్ ఉండాలి. మన షాపుల్లో కనిపించే కానన్ ఎల్‌బీపీ 2900 డ్రైవర్ వ్యవహారం ఓపికకు పరీక్ష. వైఫై, స్కానర్, ఇంట్లో పిల్లల ఆన్‌లైన్ పరీక్షల ప్రోగ్రామ్ కూడా చూడండి. సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్ లినక్స్‌కి లేదు. గూగుల్ డ్రైవ్‌కీ కంపెనీ వాళ్ల డెస్క్‌టాప్ ప్రోగ్రామ్ లేదు, బ్రౌజర్లోనే వాడుకోవాలి.

ముహూర్తం కూడా ముఖ్యమే. మాఘమాసం పెళ్లిళ్లప్పుడు, మార్చి ఆఖర్లో, జీఎస్టీ రిటర్న్‌లు వేసే 11 నుంచి 20 తేదీల మధ్య ఈ పని పెట్టుకోవద్దు. ఇళ్లలో వాడే విండోస్ 10కి పొడిగించిన సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 దాకా ఉన్నాయి, అవి తీసుకుని తీరిక దొరికే దాకా ఆగొచ్చు.

రెండు సిస్టంలూ ఒకే డిస్క్ మీద పెట్టేవాళ్లు ముందు బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కి వేసే తాళం) రికవరీ కీ కాగితం మీద రాసుకోండి, విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. ఆపకపోతే లినక్స్‌లో ఆ డ్రైవ్ మీద రాయడం కుదరకపోవచ్చు. లినక్స్ నుంచి విండోస్‌కి రాగానే గడియారం ఐదున్నర గంటలు వెనక్కి పోతే భయపడకండి, లినక్స్ హార్డ్‌వేర్ గడియారంలో అంతర్జాతీయ సమయం రాస్తుంది, అంతే. టైమ్ సరిచేయకుండా బిల్లు మాత్రం కొట్టొద్దు, తెల్లవారుజామున కొడితే ముందురోజు తేదీ పడుతుంది.

నన్నడిగితే అసలు ఒకే డిస్క్ వద్దు. చిన్న ఎస్‌ఎస్‌డీ కొని లినక్స్ దాని మీద వేయండి. పాత హార్డ్‌డిస్క్ ఊడదీసి, పేరూ తేదీ రాసి బీరువాలో పెట్టండి. వార్షిక జీఎస్టీ రిటర్న్ వేసేవాళ్లయితే డిసెంబర్ 31 దాటేదాకా దాన్ని ఫార్మాట్ చేయొద్దు.