డెల్టా పెరటిలో సైకిల్ జంప్ కట్టే పద్ధతి

కోనసీమలో పెరటిని ఆనుకొని కొబ్బరితోట ఉన్నవారు సైకిల్ జంప్ (సైకిలును గాలిలోకి ఎగిరించే మట్టిదిబ్బ) కోసం వేరే స్థలం వెతకనక్కరలేదు. చెట్ల వరుసల మధ్య సాధారణంగా 7, 8 మీటర్ల ఎడం ఉంటుంది కాబట్టి, రెండు వరుసలకు సరిగ్గా నడిమధ్యన దారి వేస్తే ఇరువైపులా మూడేసి మీటర్ల ఖాళీ మిగులుతుంది. జంప్‌కు ముందు 15 మీటర్లు, దిగిన తర్వాత 10 మీటర్లు అడ్డు లేకుండా ఉండాలి. నుయ్యి దగ్గరలో ఉండకూడదు. దింపు (కొబ్బరికాయల కోత) తీయించిన తర్వాతే పని మొదలుపెట్టాలి.

మన నేలలో అన్నిటికంటే ముందు ఆలోచించవలసింది నీటి గురించి. ఒండ్రు బంకమట్టి తడిస్తే చక్రానికి అంటుకొని జారుతుంది, ఎండితే బీటలు వారుతుంది. అందుచేత వానలు వెనకబట్టి, నేలలో కొంత చెమ్మ మిగిలి ఉండే సంక్రాంతి తర్వాతి రోజులు ఈ పనికి అనువైనవి. మెరక చోటు ఎంచుకొని, చుట్టూ అడుగు లోతు బోదె (చిన్న కాలువ) తీసి, దాని వాలు మురుగు కాలువ వైపు ఉండేలా చూడాలి.

నేర్చుకునేవారికి 50 సెంటీమీటర్ల ఎత్తు, 120 సెంటీమీటర్ల వెడల్పు చాలు. ఇందుకు సుమారుగా ఒక ట్రాక్టరు ట్రక్కు మట్టి పడుతుంది. పంటకాలువ గట్టు నుంచి మాత్రం ఒక్క తట్ట కూడా తీయకూడదు, ఊరి చేలన్నీ ఆ గట్టును నమ్ముకొని ఉన్నాయి. లోపల కొబ్బరి డొక్కలు నింపితే అవి కుళ్ళి జంప్ కుంగిపోతుంది. ఇటుక ముక్కలు మేలు. పై 15 సెంటీమీటర్లకు మెట్ట నుంచి తెచ్చిన ఎర్రమట్టిని బంకమట్టితో కలిపి వాడితే బీటలు తగ్గుతాయి.

ఎక్కే వాలు వంపు కంటితో అంచనా వేస్తే కుదరదు. 3 మీటర్ల తాడు ఒక కొసను మేకుకు, రెండో కొసను సుద్దముక్కకు కట్టి, డాబా మీద వంపు గీసి, ఆ గీత ప్రకారం ప్లైవుడ్ ముక్కను కోసి కొలతగా పెట్టుకోవాలి. అప్పుడు ఎక్కే వాలు నేల మీద ఆక్రమించే పొడవు సుమారు 165 సెంటీమీటర్లు, కొన దగ్గర కోణం సుమారు 34 డిగ్రీలు వస్తాయి. దాని వెనుక 1.5 మీటర్ల చదును, ఆపైన మరో 1.5 మీటర్ల దిగే వాలు కట్టాలి. కొన దగ్గర గంటకు 15 కిలోమీటర్ల వేగం ఉన్న సైకిలు గాలిలో దాదాపు 1.6 మీటర్లు సాగుతుంది కనుక చదును దాటి వాలు మీదనే దిగుతుంది. వేగం చాలకపోయినా చదును మీద పడుతుందే గాని గోతిలో పడదు. ఈ కారణం వల్లనే నడుమ ఖాళీ వదిలే జంప్‌లను మొదట్లో కట్టవద్దని గట్టిగా చెబుతున్నాను.

మట్టిని జానెడు మందానికి మించకుండా పొరలుగా పరచి, ఒక్కో పొరను దిమ్మిసతో గట్టిపరచాలి. పిడికిట్లో నొక్కితే ముద్దగా నిలిచి, అరచేతికి అంటకుండా, కింద పడేస్తే రెండు మూడు ముక్కలయ్యే తడి సరైనది. పూర్తయ్యాక కొబ్బరి మట్టలు కప్పి వారం రోజులు నెమ్మదిగా ఆరనివ్వాలి. మట్టల కింద పాములు చేరుతాయి కాబట్టి వాటిని తీసేముందు కర్రతో కదపాలి.

తొలిరోజు హెల్మెట్ పెట్టుకొని, సీటు దించి, ఎగరకుండా మెల్లగా జంప్ మీదుగా దొర్లించి చూడాలి. వాన పడిన తర్వాత బొటనవేలికి మట్టి అంటనంత వరకు సైకిలు ఎక్కించకూడదు. వేసవిలో సాయంత్రం పూట కాసిని నీళ్ళు చిలకరించి, కొన దగ్గర ఊడిన చోట తడిమట్టి మెత్తాలి. జూన్‌లో నైరుతి వానలు రాకముందే టార్పాలిన్ కప్పి, దాని అంచులు బోదె లోపలికి దిగేలా ఇటుకలతో బిగించాలి.