క్వెరీలు రాద్దాం – 6: లెఫ్ట్ జాయిన్ రాసినా కిరణ్ ఎందుకు రాలేదు?

పోయినసారి ఇచ్చిన ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ని ప్రశ్నలడిగే భాష) లెక్కకు మీరు పంపిన జవాబులు చూశాక, ఈ వారం మొదలుపెడదామనుకున్న ఇండెక్స్‌ల (వరుసల్ని త్వరగా వెతికిపెట్టే ఏర్పాటు) పాఠం పక్కన పెట్టేశాను. అడిగింది చిన్నదే. ట్యూషన్ సెంటర్ విద్యార్థులందరి పేర్లూ రావాలి, పక్కన జూన్‌లో కట్టిన ఫీజు, కట్టనివాళ్లకి సున్నా. చాలామంది లెఫ్ట్ జాయిన్ (రెండో టేబుల్‌లో జత లేకపోయినా మొదటి టేబుల్ వరుసలన్నీ ఉంచేది) బాగానే రాసి, కింద వేర్‌లో (ఏ వరుసలు ఉంచాలో చెప్పే చోట) ఫీజు తేదీ జూన్‌ది అయ్యుండాలని షరతు పెట్టారు. దాంతో కట్టనివాళ్లంతా జాబితాలోంచి మాయం. ఎవరి కోసం లెఫ్ట్ జాయిన్ రాశామో వాళ్లే లేరు.

ఒక్క పైసా కట్టని కిరణ్‌కి లెఫ్ట్ జాయిన్ ఒక వరుస ఇచ్చింది, అందులో తేదీ నల్, అంటే విలువే లేదు. నల్‌ని జూన్ 1తో పోలిస్తే అవుననీ రాదు, కాదనీ రాదు. వేర్ ఉంచేది అవునన్న వరుసల్నే. కొందరు ఇది పసిగట్టి ‘లేదా తేదీ ఈజ్ నల్’ అని అతుకు వేశారు. కిరణ్ తిరిగొచ్చాడు గానీ, మేలో కట్టి జూన్‌లో ఎగ్గొట్టిన స్వాతి పోయింది: మే వరుస దొరికింది కాబట్టి ఆమె తేదీ నల్ కాదు, జూనూ కాదు. తేదీ షరతును వేర్‌లోంచి తీసి ఆన్‌లో (ఏ వరుసకు ఏది జతో చెప్పే చోట) పెట్టండి, ఇద్దరూ వస్తారు. ఫీజు మొత్తం చుట్టూ కోయలెస్ (నల్ వస్తే మనం చెప్పిన విలువ ఇచ్చే ఫంక్షన్) తగిలిస్తే నల్ బదులు సున్నా పడుతుంది. (తేదీలోంచి నెలను పీకి 6తో పోల్చకండి. మామూలు ఇండెక్స్ పనికిరాదు, పైగా పోయినేడాది జూన్ కూడా వచ్చి కలుస్తుంది. జూన్ 1 నుంచి, జూలై 1కి ముందు అని రాయండి.)

ఇక నాకు ఒళ్లు మండే విషయం, డిస్టింక్ట్ (ఒకేలా ఉన్నవాటిలో ఒక్కటే ఉంచేది). అడగకపోయినా కొందరు హాజరు టేబుల్‌ని కూడా అదే క్వెరీలో జాయిన్ చేశారు, సంతోషం. రమ్య జూన్‌లో 1500 చొప్పున రెండుసార్లు కట్టింది, 3 రోజులు క్లాసుకి వచ్చింది. ఒక్కో ఫీజు వరుస ఒక్కో హాజరు వరుసతో జతకట్టి 6 వరుసలయ్యాయి, మొత్తం 9000 చూపించింది. ఎక్కువొచ్చిందని సమ్ లోపల డిస్టింక్ట్ పెట్టారు. ఇప్పుడు 1500. కట్టింది 3000 కదా! రెండు కిస్తీలూ ఒకే మొత్తం అయ్యేసరికి డిస్టింక్ట్ ఒకదాన్ని మింగేసింది. అదే రమ్య 1500, 1600 కట్టి ఉంటే 3100 అని సరిగ్గానే వచ్చేది, మీరు టెస్ట్ చేసి హాయిగా లైవ్‌లో పెట్టేసేవారు. అందుకే కదా నా చిరాకు, అది తప్పని వెంటనే తెలియదు. ఏ క్వెరీలోనైనా వరుసలు పెరిగాయని డిస్టింక్ట్ వేయబోతే ఆగి, గ్రూప్ బై (వరుసల్ని గుంపులు చేసి కూడే భాగం) తీసేసి వరుసలన్నీ ఒకసారి కళ్లతో చూడండి. ఏ జాయిన్ దగ్గర పెరిగాయో కనబడుతుంది.

సరైన దారి: ఫీజుల్ని విద్యార్థి వారీగా కూడి ఒక్కొక్కరికీ ఒకే వరుస చేయండి, హాజరును విడిగా అలాగే చేయండి, ఆ తర్వాతే విద్యార్థుల టేబుల్‌కి లెఫ్ట్ జాయిన్. నేనైతే విత్‌తో (చిన్న క్వెరీలకు ముందే పేర్లు పెట్టుకునే పద్ధతి) రాస్తాను, పైనుంచి కిందికి చదువుకోవచ్చు. జాంగో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) వాడేవాళ్లు ఒకే యానొటేట్‌లో (ఒక్కో వరుసకు లెక్కలు జోడించే పద్ధతి) రెండు సంబంధాల మీద సమ్, కౌంట్ కలిపి పెట్టినా ఇదే గొడవ, వాళ్ల డాక్యుమెంటేషన్‌లోనే హెచ్చరిక ఉంది.

ఎవరు ఎన్నిసార్లు కట్టారో లెఫ్ట్ జాయిన్‌తో లెక్కపెట్టేటప్పుడు కౌంట్‌లో స్టార్ (*) పెడితే కట్టనివాళ్లకీ 1 వస్తుంది, ఫీజు ఐడీ పెట్టండి.

అభ్యాసం. ఇప్పటిదాకా ఎప్పుడూ ఫీజు కట్టనివాళ్ల జాబితా నాట్ ఇన్‌తో, నాట్ ఎగ్జిస్ట్స్‌తో, లెఫ్ట్ జాయిన్‌తో మూడు రకాలుగా తీయండి, మూడూ ఒకేలా రావాలి. తర్వాత ఎవరు కట్టారో రాసుకోని డబ్బు ఒకటి ఉందనుకుని, విద్యార్థి ఐడీ నల్‌గా ఫీజుల్లో ఒక వరుస చేర్చి మూడూ మళ్లీ నడపండి. ఒకటి ఖాళీగా వస్తుంది. ఎందుకో వచ్చే భాగంలోపు రాసి పంపండి. స్క్రీన్‌షాట్లు వద్దు, క్వెరీ పంపండి.