జాతి గడిలో టిక్కు పెట్టే ముందు, సోరోరిటీ గడప తొక్కే ముందు

పైడితల్లి అమ్మవారి సిరిమాను తిరిగి ఊళ్ళో జనం పలచబడగానే, డిగ్రీ చదువుకు అమెరికా వెళ్ళదలచిన అమ్మాయిలు దరఖాస్తులు పట్టుకుని విజయనగరంలోని మా ఇంటికి రావడం కొన్నేళ్ళుగా ఆనవాయితీ అయింది. శ్రీకాకుళం నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చేవారూ ఉంటారు. ఫీజుల గురించి, వీసా గురించి ఏజెంట్లు వారికి ఎంతో కొంత చెప్పే ఉంటారు గాని, ఆ దేశంలో అడుగడుగునా ఎదురయ్యే జాతి పేర్ల గురించీ, కళాశాలలో చేరిన మొదటి నెలలోనే వచ్చే సోరోరిటీ పిలుపుల గురించీ ఎవరూ చెప్పరు. ఈ రెండూ వేర్వేరు సంగతుల్లా కనిపిస్తాయి. అయితే మొదటిది అర్థం కాకుండా రెండోదానిలో అడుగుపెట్టి ఇబ్బంది పడిన పిల్లలను చూశాను కనుక రెండింటినీ కలిపే రాస్తున్నాను.

సోరోరిటీ అంటే అమ్మాయిలే సభ్యులుగా ఉండే విద్యార్థి సంఘం. గ్రీకు అక్షరాలతో పేరు పెట్టుకుంటుంది, చందా వసూలు చేస్తుంది, కొన్నిచోట్ల సొంత భవనంలో సభ్యులకు వసతి ఇస్తుంది, చదువు ముగిశాక కూడా సభ్యత్వాన్ని కొనసాగనిస్తుంది. "హాస్టల్ లాంటిదేనా అమ్మా?" అని తల్లులు అడుగుతారు. కాదు. హాస్టల్లో సీటు ఇస్తారు, సోరోరిటీలో మనిషిని ఎంచుకుంటారు. ఎంచుకోవడం అన్న మాట వచ్చిన చోటల్లా ఎవరిని, దేన్ని చూసి అన్న ప్రశ్న కూడా వస్తుంది. ఎంఎస్‌కు వెళ్ళేవారికి ఈ గొడవ దాదాపు లేదు, ఎందుకంటే ఈ సంఘాలు ప్రధానంగా డిగ్రీ విద్యార్థినులనే చేర్చుకుంటాయి.

గడి ఎవరి లెక్క కోసం?

దరఖాస్తులో మీరు హిస్పానిక్ లేదా లాటినో సంతతివారా, అంటే స్పానిష్ మాట్లాడే దేశాల, లాటిన్ అమెరికా దేశాల మూలాలున్నవారా అని అడుగుతారు. కాదని రాయండి. జాతుల జాబితాలో మనది ‘ఏషియన్’, దాని కింద విడిగా అడిగితే ‘ఇండియా’. ‘అమెరికన్ ఇండియన్’ అనే గడి జోలికి పోకూడదు. అది కొలంబస్ పొరపాటు వల్ల ఆ నేల మూలవాసులకు అంటుకున్న పేరు. ఆ మధ్య ఒక అమ్మాయి, "అమెరికా వెళ్తున్న ఇండియన్నే కదా మేడం" అంటూ సరిగ్గా అందులోనే టిక్కు పెట్టుకుని వచ్చింది. పక్కన కూర్చున్న తండ్రి బెంగ వేరు. కళ్ళజోడు సవరించుకుని జాబితా అంతా పైనుంచి కిందికి చూసి, "అన్నీ ఉన్నాయి గాని, మన బీసీ–డీ ఏదమ్మా?" అన్నారు. నవ్వుకున్నాం. అయినా ఆయన ప్రశ్నలో తెలివి ఉంది. గడి అన్నది ఎవరో, ఏదో లెక్క కోసం గీసిందని ఆయనకు అనుభవం మీద తెలుసు. ఇక్కడి లెక్క సీట్ల కోసం. అక్కడ, హార్వర్డ్, నార్త్ కరోలినా విశ్వవిద్యాలయాల కేసుల్లో సుప్రీంకోర్టు 2023 జూన్‌లో ఇచ్చిన తీర్పు తరువాత, ఆ గడిలోని టిక్కును బట్టి సీటు ఇవ్వడానికి వీల్లేదు. ఆ జాతి వల్ల తన జీవితంలో ఏం జరిగిందో వ్యాసంలో రాసుకోవడానికి మాత్రం అడ్డు లేదు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. విద్యార్థి వీసా మీద వెళ్ళిన అమ్మాయి ‘ఏషియన్’ అని టిక్కు పెట్టినా, కళాశాలలు కేంద్ర ప్రభుత్వానికి పంపే పట్టికల్లో ఆమె ఆ వరుసలో ఉండదు. విదేశీ విద్యార్థులందరినీ, జాతితో పని లేకుండా, ఒకే విడి వరుసలో లెక్కిస్తారు. న్యూజెర్సీలో పుట్టిన ఆమె పెదనాన్నగారి కూతురు అదే తరగతిలో, అదే బెంచీ మీద కూర్చున్నా ఏషియన్‌గా లెక్కకు వస్తుంది. ఒకే ఇంటిపేరు గల ఇద్దరు అక్కచెల్లెళ్ళు రెండు వరుసల్లో పడతారన్న మాట. ఒక కళాశాల తన వైవిధ్యం గురించి అంకెలు చూపినప్పుడు ఆ అంకెల్లో తాను ఉన్నదో లేదో చదివే అమ్మాయికి తెలిసి ఉండాలి.

పేర్లు ఎంత తేలికగా మారతాయో చరిత్ర చూస్తే తెలుస్తుంది. అమెరికా సైన్యంలో పనిచేసిన పంజాబీ భగత్ సింగ్ థింద్ తెల్లవాడు కాదు గనుక పౌరసత్వానికి అర్హుడు కాడని 1923లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. 1930, 1940 జనాభా లెక్కల్లో భారతీయులందరినీ, ఏ మతం వారైనా సరే, ‘హిందూ’ అనే జాతిగా రాశారు. 1970 లెక్కల్లో మనవాళ్ళను తెల్లవారిలో కలిపారు. 1980లో ‘ఏషియన్ ఇండియన్’ అని విడి గడి వచ్చింది. యాభై ఏళ్ళలో ఒకే కుటుంబం ఒళ్ళు రంగు మారకుండానే మూడు జాతులు మారింది. అందుచేత ఆ గడిని చూసి గర్వపడనూ వద్దు, చిన్నబుచ్చుకోనూ వద్దు. సరైన దానిలో టిక్కు పెట్టి ముందుకు సాగండి.

పేరు విషయంలో మాత్రం ముందే జాగ్రత్త పడాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేస్తే, వీసాలో ఉన్న పేరంతా ఇంటిపేరు స్థానంలోకి వెళ్ళి, అసలు పేరు ఉండవలసిన చోట ‘ఎఫ్‌ఎన్‌యూ’ అనే మూడక్షరాలు పడతాయి. మొదటి పేరు తెలియదని వాటి అర్థం. కళాశాల జాబితాలోనూ అదే ఎక్కి, హాజరు పిలిచేవారు ‘ఫ్నూ’ అని పిలిచిన సందర్భాలున్నాయి. దరఖాస్తుకు ముందే పాస్‌పోర్టు సరిచేయించుకోవాలి. అలాగే పైడితల్లి అన్న పేరును ‘పెడ్డీ’ అని కుదించుకోవడం కంటే, మొదటి పరిచయంలోనే నెమ్మదిగా విడదీసి రెండుసార్లు పలికించడం మేలు. రెండోసారికి చాలామందికి వస్తుంది.

ఏ సంఘం ఎందుకు పుట్టింది?

ఆహ్వానాలు వచ్చినప్పుడు అన్నీ ఒకే రకం అనుకోకూడదు. భవనాలు, పెద్ద పెద్ద స్తంభాలు, ఒకే రంగు దుస్తులతో కనిపించేవి చాలావరకు 1902లో ఏర్పడిన నేషనల్ పాన్‌హెలెనిక్ కాన్ఫరెన్స్ అనే సమాఖ్యకు చెందినవి. వాటిలో తెల్లజాతి అమ్మాయిల సంఖ్యే చాలాకాలం ఎక్కువ, కొన్నిటిలో ఇతరులను చేర్చుకోరాదన్న నిబంధనలూ ఉండేవి. రానివ్వని చోట నిలబడి ఎదురుచూడక, నల్లజాతి విద్యార్థినులు 1908లో హోవర్డ్ విశ్వవిద్యాలయంలో ఆల్ఫా కప్పా ఆల్ఫాను స్థాపించుకున్నారు. కమలా హారిస్ హోవర్డ్‌లో చదువుతూ చేరింది ఇందులోనే. తల్లి శ్యామలా గోపాలన్ తమిళురాలు, తండ్రి జమైకా వారు. ఆమెది ఏ గడి అని ఎన్నికల వేళ జరిగిన రభస అందరికీ గుర్తుండే ఉంటుంది. ఆమె మాత్రం తన సంఘాన్ని ఇరవై ఒక్క ఏళ్ళ వయసులోనే ఎంచుకుంది. జపనీస్ అమెరికన్ అమ్మాయిలు 1920ల చివర లాస్ ఏంజిలిస్‌లో కై ఆల్ఫా డెల్టాను, లాటినా అమ్మాయిలు 1975లో న్యూజెర్సీలో లాంబ్డా థీటా ఆల్ఫాను మొదలుపెట్టారు. మన వైపు సంఘాలు ఆలస్యంగా వచ్చాయి. టెక్సస్‌లో కప్పా ఫై గామా, డెల్టా ఫై ఒమేగా, న్యూయార్క్‌లో సిగ్మా సిగ్మా రో, మూడూ 1998లోనే దక్షిణాసియా అమ్మాయిల చొరవతో పుట్టాయి. వీటిలో దేనిలోనైనా ఏ జాతి వారైనా చేరవచ్చు. పేరుకు మాత్రమే కాదు, నిజంగానే చేరుతున్నారు.

పాత అలవాట్లు నిబంధన కొట్టేసినంత సులువుగా పోవు. 2013లో అలబామా విశ్వవిద్యాలయంలో, అర్హతలన్నీ ఉన్న నల్లజాతి అమ్మాయిలను పూర్వ సభ్యుల ఒత్తిడితో సోరోరిటీలు తిరస్కరించాయని అక్కడి విద్యార్థి పత్రిక బయటపెట్టింది. ప్రస్తుత సభ్యులు కొందరు చేర్చుకుందామన్నా పెద్దలు ఒప్పుకోలేదు. ఈ ఒక్క సంగతి నుంచి నేర్చుకోవలసింది చాలా ఉంది: గోడమీది ఫొటోలో ఎన్ని రంగుల ముఖాలున్నాయో చూడడం వల్ల ప్రయోజనం తక్కువ, తుది మాట ఎవరిదో కనుక్కోవడం ముఖ్యం.

మన వైపు సంఘాలైతే ఇంటిలా ఉంటుందన్న నమ్మకం కూడా సగమే నిజం. ‘సౌత్ ఏషియన్’ అన్న పేరులో పాకిస్తాన్, బంగ్లాదేశ్, నేపాల్, శ్రీలంక కూడా ఉన్నాయి. ‘దేశీ’ అన్న మాట ఆప్యాయంగానే వినిపిస్తుంది గాని, ఆచరణలో తరచూ హిందీ పాటలు, భాంగ్రా, గర్బా వైపు మొగ్గుతుంది. శ్రీకాకుళం అమ్మాయి అక్కడ ఇంకో రకం పరాయిది అవుతుంది. అలాంటప్పుడు తప్పెటగుళ్ళ గురించో, బొబ్బిలి వీణ గురించో చెప్పే అవకాశం అడిగి తీసుకోండి. ధింసా ఆడదలిస్తే అది ఎవరి నృత్యమో వేదిక మీదే చెప్పండి. మన ప్రాంత గిరిజనుల ఆటను పేరు చెప్పకుండా ‘మా ఊరి డాన్సు’గా చూపించడం, ఒకరి ముఖానికి ఇంకొకరి చీటీ అతికించడమే.

ఆ మాట అనే అర్హత నాకు ఆలస్యంగా వచ్చింది. చదువుకునే రోజుల్లో విశాఖపట్నంలో ఒక ప్రైవేటు హాస్టల్లో ఉండేదాన్ని. నోరు తెరిస్తే ‘ఏటి’ అనీ, ‘గుంట’ అనీ వచ్చేది. మొదటి వారంలోనే నా పేరు పోయి ‘శ్రీకాకుళం’ మిగిలింది. మాది విజయనగరమని ఎన్నిసార్లు చెప్పినా ఎవరికీ పట్టలేదు. రాత్రిళ్ళు దుప్పటి కప్పుకుని ‘ఏమిటి, ఏమిటి’ అని పలకడం సాధన చేసేదాన్ని. అదే గదిలో సీతంపేట వైపు నుంచి వచ్చిన సవర అమ్మాయి ఉండేది. ఆమెను మేమంతా, నాతో సహా, ‘ఏజెన్సీ పిల్ల’ అనేవాళ్ళం. సాయంత్రాలు కిటికీ దగ్గర కూర్చుని తమ్ముడికి ఉత్తరం రాసేది. అక్షరాలు తెలుగువి, మాటలు సవర. అదేం భాష అని ఎవరూ అడగలేదు. పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తిగారు ఆ భాషకు నిఘంటువు కూర్చారని పాఠంలో చదివి మార్కులు తెచ్చుకున్న నేనూ అడగలేదు.

సోరోరిటీలో మీరు లోపలివారు అయ్యాక, బయట నుంచి వచ్చే కొత్త అమ్మాయికి మీరు కూడా మేం అతికించినట్టే ఒక చీటీ అతికించే ప్రమాదం ఉంది. తెలుగువాళ్ళం ఇద్దరం కలిస్తే ‘ఇంటిపేరేంటి, మీరేంట్లు’ అని ఆరా తీసే అలవాటు విమానం ఎక్కినా దిగదు. కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ 2022లో తన వివక్ష వ్యతిరేక నిబంధనల్లో కులాన్ని స్పష్టంగా చేర్చింది. అది క్రమశిక్షణ చర్యకు దారితీయగల విషయమని తెలిసి మసలుకోవాలి.

ఎలా అడగాలి, ఏం కనుక్కోవాలి

మొదటి సెమిస్టర్ చేరవద్దని నా సలహా. చాలాచోట్ల రెండో సెమిస్టర్‌లోనూ, మరుసటి ఏడాదీ అవకాశం ఉంటుంది. ఈలోగా పరిచయ కార్యక్రమాలకు వెళ్ళి మాట్లాడండి. మీ వైవిధ్యం ఎంత అని అడిగితే అందమైన జవాబు వస్తుంది. దానికి బదులు, "మీలో ఎవరి గురించైనా తప్పు హాస్యం నడిచినప్పుడు ఎవరితో చెప్పారు, తరువాత ఏం మారింది?" అని అడగండి. జవాబులో ఒక్క నిజమైన సంఘటన కూడా లేకపోతే అర్థం చేసుకోండి. పదవుల్లో ఎవరున్నారో, పూర్వ సభ్యుల మాట ఎంత చెల్లుతుందో, సభ్యుల బంధువులకు ప్రాధాన్యం ఉందో కనుక్కోండి.

చందా సంగతి సిగ్గుపడకుండా లిఖితంగా అడగాలి. సెమిస్టర్‌కు కొన్ని వందల డాలర్ల నుంచి, భవనంలో ఉంటే వేల డాలర్ల దాకా అవుతుంది, మొదటి విడత ఎక్కువ ఉంటుంది. విద్యార్థి వీసా మీద తరగతులు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయరాదు కనుక, ఆ డబ్బు చివరికి ఇంటి నుంచే వెళ్తుంది.

ఇక్కడి ర్యాగింగ్‌ను అక్కడ హేజింగ్ అంటారు. కొత్తవారిని నిద్రపోనివ్వకపోవడం, బలవంతంగా తాగించడం, అవమానించడం అన్నీ అందులోకే వస్తాయి. ఒప్పుకునే చేశామన్నా అది తప్పే. ఏ సంఘం మీద తప్పు తేలిందో కళాశాలలు బహిరంగంగా చూపాలని 2024 డిసెంబరులో అక్కడ కేంద్ర చట్టం వచ్చింది. ఆ నివేదిక కళాశాల వెబ్‌సైట్లో చూడకుండా ఎక్కడా చేరవద్దు.

చివరగా సంతకం. పాన్‌హెలెనిక్ సంఘాల ఎంపిక కొద్ది రోజుల పాటు విడతలుగా సాగి, ఆఖరి రోజు అమ్మాయిలు తమకు నచ్చిన సంఘాలను వరుసగా రాసి ఒక ఒప్పందం మీద సంతకం పెట్టాలి. ఆ జాబితాలోని సంఘం పిలిచాక వద్దంటే, ఆ కళాశాలలో ఆ సమాఖ్యకు చెందిన ఇంకే సంఘంలోనూ తరువాతి ప్రధాన ఎంపికల వరకు చేరడం కుదరదు. పూర్తి సభ్యురాలిగా చేర్చుకునే దీక్ష పూర్తయిన తరువాతైతే ఆ సమాఖ్యలోని మరో సంఘంలోకి మారడం ఎప్పటికీ కుదరదు. సందడిలో చేతికి కలం ఇచ్చినప్పుడు స్నేహితురాలు రాసిందని రాయకండి. పిలుపు వస్తే నిజంగా వెళ్తానని అనుకున్న పేర్లే రాయండి. ఒక్కటే ఉంటే ఒక్కటే రాయండి, ఏదీ లేకపోతే కాగితం తిరిగి ఇచ్చేసి రండి.