నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో వంశమూలాలను వెతకడం ఎలా

వంశవృక్షం రాయదలచినవారు ముందుగా చేయవలసిన పని, కుటుంబంలోని పెద్దవారి దగ్గర తీరికగా కూర్చోవడం. ముత్తాత పేరేమిటని నేరుగా అడిగితే చాలామంది తడుముకుంటారు. పెళ్లిళ్లను పట్టుకొని అడిగితే, అంటే ఎవరిని ఏ ఊరికిచ్చారు, ఏ ఊరి పిల్లను తెచ్చుకున్నారు, ఎవరు ఇల్లరికం వచ్చారు, ఎవరు దత్తత పోయారు అని అడిగితే, ఊరు, ఇంటిపేరు, వరుస మూడూ కలిసి వస్తాయి. మగవారి పేర్లు మాత్రమే రాసుకున్న వంశవృక్షం సగమే పూర్తయినట్లు. ఆడవారి పుట్టినిళ్లు తెలియకపోతే చివర చేయించే డీఎన్‌ఏ పరీక్ష కూడా సరిగా అర్థం కాదు.

తాత పేరు మనుమడికి పెట్టే ఆచారం వల్ల ఒకే పేరు తరం విడిచి తరం కనిపిస్తుంది కాబట్టి, ప్రతి పేరు పక్కన భార్య లేదా భర్త పేరు, ఊరి పేరు తప్పక రాయాలి. కొన్ని పేర్లు దారి కూడా చూపుతాయి. కుర్మయ్య, కురుమూర్తి అనే పేర్ల వెనుక పాలమూరు ప్రాంతపు కురుమూర్తి స్వామి ఉన్నట్లే, హిందూ కుటుంబాల్లోనూ వినిపించే సైదులు, సైదమ్మ అనే పేర్ల వెనుక ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకున్న మొక్కు ఉంటుంది. పాలమూరులో స్థిరపడిన కుటుంబంలో ముత్తాత పేరు సైదులు అయితే, వారి పూర్వపు ఊరిని ఆ దర్గా చుట్టుపక్కల కూడా వెతకడం మంచిది. అయితే అది ఆనవాలే గాని రుజువు కాదు.

రెడ్లకు పిచ్చకుంట్లవారు, ముదిరాజులకు కాకిపడగలవారు, పద్మశాలీలకు కూనపులివారు, గొల్లలకు మందెచ్చులవారు, మాదిగలకు డక్కలివారు తరతరాలుగా గోత్రాలు, ఇంటిపేర్లు, కులపురాణం చెబుతూ వచ్చారు. మీ ఊరికి వచ్చే ఆశ్రిత కళాకారులు ఇంకా ఉంటే, తగిన సంభావన ఇచ్చి, అనుమతితో రికార్డు చేసుకోండి. వారు చెప్పేదానిలో పురాణభాగాన్ని, దగ్గరి తరాల పేర్లను వేరువేరుగా రాసుకోవాలి. పురాణం గౌరవించదగినదే, కాని వంశవృక్షంలో కొమ్మగా చేర్చదగినది కాదు.

ఆ తర్వాత రెవెన్యూ రికార్డులకు వెళ్లాలి. తెలంగాణలో ఇందుకు ఆధారస్తంభం 1954-55 నాటి ఖాస్రా పహాణీ అనే భూమి రికార్డు. సర్వే నంబరు తెలిస్తే తహసీల్ కార్యాలయంలో నకలు కోసం దరఖాస్తు చేసుకోవచ్చు. పట్టాదారు పేరు, తండ్రి పేరు, సాగు చేస్తున్నవారి పేరు అందులో చూడవచ్చు. ఇంకా వెనక్కి వెళ్లాలంటే భూసర్వే తర్వాత తయారుచేసిన మూల రిజిస్టరైన సేత్వార్ చూడాలి. నిజాం కాలపు రికార్డులు చాలావరకు ఉర్దూలో ఉంటాయి కాబట్టి, ఉర్దూ చదవగల విశ్రాంత రెవెన్యూ ఉద్యోగి సాయం తీసుకోవాలి. 'రాజయ్య వల్ద్ నర్సయ్య' అని ఉంటే నర్సయ్య కొడుకు రాజయ్య అని అర్థం. ఆ రికార్డుల్లో వాడిన రెవెన్యూ సంవత్సరమైన ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1350 ఫసలీ అంటే 1940-41. సొంత భూమి లేని కుటుంబాల వారు నిరాశ పడనక్కరలేదు. రక్షిత కౌలుదారుల రిజిస్టర్లు, నీరటి, సేత్‌సింధి వంటి గ్రామసేవకుల ఇనాం కాగితాలు, బడిలోని పాత ప్రవేశ రిజిస్టర్లు పెద్ద పట్టాదారుల కాగితాల్లో కనిపించని పేర్లను చూపగలవు. గద్వాల, వనపర్తి, కొల్లాపూర్ సంస్థానాల కింద ఉన్న గ్రామాల వారు ఆ సంస్థానాల కాగితాలను, శ్రీశైలం జలాశయంలో ఊరు మునిగినవారు నష్టపరిహారపు కాగితాలను కూడా వెతకాలి. నిజాం ప్రభుత్వపు పాత దస్త్రాలకు హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది.

పానగల్లు, పిల్లలమర్రి శాసనాల్లో మీ ఇంటిపేరును పోలిన పేరు కనిపించినంత మాత్రాన ఆ శాసనం వేయించిన రాజవంశానికి వారసులమని రాసుకోకూడదు. మధ్యనున్న తరాలు ఒక్కొక్కటిగా దొరికేవరకు అది ప్రాంత చరిత్రే, కుటుంబ చరిత్ర కాదు.

ఇక డీఎన్‌ఏ. వై క్రోమోజోము తండ్రి నుంచి కొడుకుకు, మైటోకాండ్రియా డీఎన్‌ఏ తల్లి నుంచి బిడ్డలందరికీ వస్తాయి. మిగిలినది ఇద్దరి నుంచీ సగం సగం వస్తుంది. పరీక్షా సంస్థలు ఇద్దరిలోనూ ఒకేలా ఉన్న ఉమ్మడి డీఎన్‌ఏ పరిమాణాన్ని బట్టి ఫలానావారు మీకు ఎంత దగ్గరి బంధువో అంచనా వేస్తాయి గాని, మేనరికం చేసుకునే మన కుటుంబాల్లో ఆ అంచనా తప్పుతుంది. మేనబావ, మరదలు పెళ్లాడితే వారి బిడ్డకు ఎనిమిది మంది ముత్తాత ముత్తవ్వలకు బదులు ఆరుగురే ఉంటారు; మేనమామను పెళ్లాడితే, తండ్రి వైపు తాత, నాయనమ్మలే తల్లి వైపు ముత్తాత, ముత్తవ్వలు కూడా అవుతారు. ఒకే పూర్వీకుడు రెండు దారుల్లో కలవడంతో, దూరపు బంధువు దగ్గరివాడిగా కనిపిస్తాడు. దీనికి తోడు, 2009లో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధనా సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు విదేశీ పరిశోధకులతో కలిసి 25 సమూహాలకు చెందిన 132 మందిని పరిశీలించి, మన దేశంలో చాలా సమూహాలు కొద్దిమంది మూలపురుషుల నుంచి పెరిగి, తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చాయని చూపారు. అందువల్ల ఉమ్మడి డీఎన్‌ఏ మొత్తం పరిమాణం కంటే, తెగకుండా కలిసిన అతి పొడవైన భాగం ఎంత ఉందో చూడాలి. ముందుగా రాసుకున్న పెళ్లిళ్ల జాబితా పక్కన పెట్టుకొని చదవాలి.

ఫలితంలో ఇంట్లో ఎవరికీ తెలియని సంగతులు బయటపడవచ్చు కాబట్టి, నమూనా ఇచ్చేవారికి ముందే వివరించి సమ్మతి తీసుకోవాలి. ఒక్కరికే ఖర్చు పెట్టగలిగితే, ఇంట్లోని పెద్ద తరానికి చెందినవారికే చేయించండి. ముత్తాత డీఎన్‌ఏలో మనకు చేరేది సగటున ఎనిమిదో వంతే; ఆయన కొడుకైన తాతలో మాత్రం సగం ఆయన నుంచి వచ్చినదే ఉంటుంది.